పప్పులో పడిన సముద్రం

"నా ఉప్పు పప్పుల ఎవలేసిన్రు?" కాలేజీ ల్యాబ్ నుంచి ఉరికొచ్చి అడిగింది జేబా.

2011, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద వంటావార్పు జోరుగా సాగుతోంది. నడిరోడ్డున పొయ్యి, పొయ్యి మీద పప్పు, పప్పు ముందు గరిటెతో అఫ్సర్. ఎమ్మెస్సీలో జేబా క్లాస్‌మేట్, పైగా విద్యార్థి జేఏసీ నాయకుడు.

"నేనే ఏసిన. ల్యాబ్‌ల కనవడ్డది. ఉద్యమం కోసం తెచ్చిన."

"గది సముద్రపు ఉప్పు. నా బూజు కోసం హైదరాబాద్‌కెల్లి తెప్పిచ్చిన. ఇప్పుడు బస్సుల్లెవ్వు."

జేబా పెంచే బూజు కాకినాడ సముద్రంలో పుట్టింది. బ్యాక్టీరియాను చంపే మందు తయారుచేసే జన్యువులు దాని లోపల ఉన్నాయి. ఉండి ఏం లాభం, ఆరు నెలలుగా హాయిగా నిద్రపోతున్నాయి. పక్కన పెట్టిన బ్యాక్టీరియాలో ఒక్కదాన్నీ అది చంపలేదు. నెలాఖరుకు చంపకపోతే హైదరాబాద్‌లో రీసెర్చ్ సీటు మీద ఆశ వదులుకోమని అక్కడి సార్ చెప్పేశారు.

"కాకినాడదా?" అఫ్సర్ గరిటె ఆపాడు. "ఆంధ్రా బూజా?"

"దాన్నే అడిగి చెప్త."

సాయంత్రం అఫ్సర్ ఇంట్లోంచి ఉప్పు ప్యాకెట్ పట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు పాపం.

"ఇందుల అయోడిన్ ఉన్నది," అంది జేబా. "బూజుకు థైరాయిడ్ ఉండది."

డబ్బా అడుగున మిగిలిన సముద్రపు ఉప్పు, బూజుకు రోజూ వేసే మోతాదులో సగానికే సరిపోతుంది. వేరే దారి లేక ఆ సగంతోనే బూజును పెంచింది. అఫ్సర్ రోజూ వచ్చి గాజు ప్లేట్లు కడిగాడు. ఆమె రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

తొమ్మిదో రోజు జేబా ప్లేటు చూసి కుర్చీలో కూలబడింది. బూజు చుట్టూ తేటగా ఒక వలయం. అందులో బ్యాక్టీరియా జాడ లేదు.

"ఖరాబైందా?" అన్నాడు అఫ్సర్.

"పని చేసింది! ఉప్పు తక్కువయ్యేసరికి దానికి తిప్పలైంది. నిద్రవోయిన జన్యువులు గప్పుడు లేసినయి."

మళ్లీ రెండుసార్లు చేసి చూసింది. అదే వలయం. సార్ ఫోన్లో సీటు ఖాయమన్నారు.

"ముబారక్," అన్నాడు అఫ్సర్, కడిగిన ప్లేటే మళ్లీ కడుగుతూ. "అయితే పోతవు."

"పోత."

"నువ్వు పోతె నాకు మంచిగనిపియ్యది, జేబా."

"నాకు గుడ."

జేబా బూజు ప్లేటుకు మూత పెట్టింది.

"మీ అమ్మీని మా ఇంటికి తోలియ్యి," అంది జేబా. "కని రీసెర్చ్ అయ్యేదాక, ఐదేండ్లు, నిఖా ఉండదని ముందుగాల్నే చెప్పు."

"ఐదేండ్లా?"

"ఎక్కువనిపిస్తే ఇప్పుడే చెప్పు."

"మా అబ్బాజాన్ అరవై తొమ్మిది ఉద్యమం సంది తెలంగాణ కోసం ఆగుతుండు. నాకు ఐదేండ్లు ఒక లెక్కనా?"

ఆ మాట అని, ఏప్రన్ విప్పడం కూడా మరిచి, అఫ్సర్ అమ్మీ దగ్గరకు పరుగెత్తాడు.