గేటు వైపు పదకొండు డిగ్రీలు

విశాఖపట్నంలో నడుం నొప్పి అన్న మాట వినబడి పన్నెండేళ్లయింది. దోసెలు పోసేవాళ్లు, ఆకాశ ఆటోలు నడిపేవాళ్లు, బడిపిల్లలు, అందరూ బట్టల లోపల భంగిమ తొడుగు వేసుకుంటారు. ఉల్లిపొర లాంటి గుడ్డ. దాని నేతలో సెన్సర్లు, అంటే స్పర్శకణికలు, ఆవగింజల్లా అల్లుకుని ఉంటాయి. వెన్ను వంగిందో, చీమ పాకినంత మెల్లగా కండరాన్ని తట్టి నిలబెడతాయి.

దాన్ని కనిపెట్టిన సువర్చల మాత్రం మూడు నెలలుగా సరిగా అన్నం తినడం లేదు. ఆమె దిగులంతా నూకరత్నం గురించి. పన్నెండో ఏట నుంచి తన దగ్గర గోల్ఫ్ నేర్చుకున్న పిల్ల. చంద్రుడి మీద కట్టిన కొత్త మైదానానికి రేపు ఆటగాళ్లను ఎంపిక చేస్తారు. విశాఖకు ఒక్కటే చోటు. రత్నం కొట్టే పది బంతుల్లో మూడు గడ్డిలోనే దొర్లుతున్నాయి.

గోల్ఫ్ దెబ్బకు బలం నిలబడే తీరులోంచి వస్తుంది. తుంటి దగ్గర వంగాలి, మోకాళ్లు కాస్త సడలాలి, వెన్ను ఇరుసులా ఉండాలి. ఆ ఇరుసు చుట్టూ భుజాలు తిరిగితే కర్ర వెళ్లిన దారినే వచ్చి బంతిని తాకుతుంది. తల ముందే లేచిందా, దాంతోపాటు వెన్నూ లేస్తుంది, కర్ర బంతి నెత్తిన తగులుతుంది.

"మళ్లీ తలెత్తావు," అంది సువర్చల.

"నానెత్తనేదు టీచరమ్మా. నా సూపు బంతి మీదే ఉంది. మెడ దానంతటదే తిరిగిపోతంది. ఎవులో పిలిసినట్టుంటాది."

బంతి ఎటు పోయిందో చూడాలన్న ఆత్రం అది, లోకంలో సగం మంది చేసే తప్పే అని సువర్చల మందలించింది. కానీ ఎవరో పిలిచినట్టు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నం ఆమె గణకి ముందు కూర్చుంది. తొడుగులన్నిటి లెక్కా చూసే కంప్యూటర్ అది.

"ఈ తప్పు రత్నం ఒక్కదానిదేనా?"

"కాదు. గోల్ఫ్ తొడుగు వేసుకున్న నాలుగు వేల మందిదీ. ఏ ఊళ్లో, ఏ దిక్కుకు ఆడినా తల లేచి, గుంతలో పాతిన జెండాకు పదకొండు డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. తొడుగులకు ఆట నేర్పిన మొదటి నమూనాలోనే ఉంది."

"ఆ నమూనా నా ఒంటి కదలికలదే."

"అవును, పదహారేళ్ల కిందటిది. ఆరోజు మీరు జెండా వైపు చూడలేదు. మీ తల తిరిగిన వైపు ఏముండేది?"

అటు గేటు ఉండేది. గేటు దగ్గర కామాక్షి. పద్దెనిమిదేళ్లు తన ఆట సంచీ మోసిన నేస్తం, ఆ సాయంత్రమే అంగారకుడికి ప్రయాణం. గేటు దాకా రమ్మని అడిగింది. మధ్యలో ఆపితే కొలతలు పాడవుతాయి, నువ్వు పదవే అని సువర్చలే పంపేసి, తలొంచుకుని బంతులు కొడుతూ పోయింది. తలొంచుకున్నాననే ఇన్నేళ్లూ అనుకుంది. పండిన చేతులు కనుక తప్పును సర్దుకున్నాయి, బంతులు తిన్నగానే వెళ్లాయి. నేర్చుకునే చేతులకు ఆ సర్దుబాటు ఎలా తెలుస్తుంది? కామాక్షి అక్కడికి చేరిన రెండో ఏడే పోయింది.

"చెరిపేయమంటారా?" అంది గణకి.

చెరిపేస్తే కామాక్షి కోసం చూసిన ఆఖరి చూపు ఇంకెక్కడా మిగలదు. చెరిపేస్తే రత్నం గెలుస్తుంది, గెలిస్తే వెళ్లిపోతుంది. సువర్చల కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"చెరిపేయి."

మర్నాడు రత్నం పది బంతులూ తిన్నగా కొట్టింది. తల దీపస్తంభంలా నిలిచింది. పేరు పిలిచారు. వాహనం గేటు బయట ఆగి ఉంది. అక్కడ వేరే తొడుగు ఇస్తారట, అందుకని పాతదాన్ని విప్పి, మడతపెట్టి, టీచరమ్మ చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టింది.

"గేటు దాకా రావేటి టీచరమ్మా?"

"ఆలస్యమవుతుంది. నువ్వు పదవే."

నోట్లోంచి వచ్చాక గాని ఆ మాట ఇదివరకు ఎవరితో అన్నదో ఆమెకు గుర్తుకు రాలేదు. రత్నం వెన్ను నిటారుగా పెట్టి నడిచింది. గేటు దాటబోతూ, ఒంటి మీద ఏ తొడుగూ లేని ఆ పిల్ల మెడ దానంతటదే ఇటు తిరిగింది.

ఈసారి పాడవడానికి కొలతలేవీ లేవు. సువర్చల చేతిలో తొడుగుతోనే గేటు వైపు పరుగులాంటి నడకతో బయలుదేరింది, తన ఒంటి మీది తొడుగు ఎంత తట్టినా నడుం వంచుకునే.