గెలిస్తే ఏం చేస్తావు, ఓడితే ఏం చేస్తావు

ఫలితం వచ్చే రోజు ఉదయం కోడలు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించింది. పోస్టాఫీసులో పనిచేసే మనిషి కాబట్టి గీతలన్నీ స్కేలు పెట్టి గీసింది. ఇంట్లో నలుగురికీ నాలుగు వరసలు. పైన రెండు ప్రశ్నలు: గెలిస్తే ఏం చేస్తావు? ఓడితే ఏం చేస్తావు?

పాలగిన్నె కోసం వచ్చిన అమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

“ఏమిటమ్మా ఇది?”

“మధ్యాహ్నానికి తేలిపోతుందట అత్తయ్యా. తేలాక ఎవరు అరుస్తారో, ఎవరు తలుపులు విసురుతారో తెలియక కూర్చోవడం నా వల్ల కాదు. ముందే రాసిచ్చేస్తే నేను ఏ గదిలో దాక్కోవాలో చూసుకుంటాను. సెలవు కూడా పెట్టాను.”

“దాక్కోవడానికా సెలవు?”

“మరి దేనికనుకున్నారు?”

దేశం పొరుగు దేశాల కూటమిలో కొనసాగాలా అన్నది ప్రశ్న. అవును, కాదు అని రెండే జవాబులు. నిన్న నలుగురూ నాలుగు వేళల్లో వెళ్ళి ఓటు వేసి వచ్చారు. ఒకప్పుడైతే కలిసి వెళ్ళేవారు.

కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన ఇల్లు. దుకాణం లోపలి గదిలో కూతురు కళ్ళు పరీక్ష చేస్తుంది. ముందు గదిలో కొడుకు అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగిస్తాడు. అద్దాలు వచ్చేది సరిహద్దు అవతలి నుంచి. కూతురు చదువుకున్నదీ అక్కడే. కాబట్టి కూతురిది అవును. అదే సరిహద్దు దాటి వచ్చిన పెద్ద కంపెనీ ఒకటి వీధి చివర తళతళలాడే దుకాణం తెరిచి, ఇక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందిని లాక్కుపోయింది. కాబట్టి కొడుకుది కాదు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఎవరూ తగ్గలేదు.

అయినా మాటలు ఆగిపోయింది దానివల్ల కాదు. రెండు నెలల క్రితం భోజనాల దగ్గర కొడుకు, “నాన్న ఉంటే కళ్ళు మూసుకుని కాదు అనే వేసేవాడు,” అన్నాడు. కూతురు కంచం పక్కకి జరిపి, “నాన్నని నీ పార్టీలోకి లాగకు,” అని లేచిపోయింది. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళ మధ్య ఒక్క మాట లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కోడలి ద్వారానే.

ముందుగా కొడుకు వంటింట్లోకి వచ్చాడు. కాగితం చూశాడు. జేబులోంచి పెన్ను తీసి నిలబడే రాశాడు.

“బాకానా?” అంది కోడలు.

“కొన్నాను. గెలిస్తే బాల్కనీలో నిలబడి మూడుసార్లు ఊదుతాను. వీధి చివరి దాకా వినబడాలి.”

“మీకు ఊదడం వచ్చా?”

“గెలిస్తే అదే వస్తుంది.”

అమ్మ నవ్వు ఆపుకుంది. ఇంతలో కూతురు తల తుడుచుకుంటూ వచ్చి రొట్టె ముక్క అందుకుంది.

“వదినా, బాకా ఊదేవాళ్ళు తలుపు వేసుకుని ఊదమని చెప్పు. లోపల నేను పేషెంట్లని చూస్తుంటాను.”

“ఏమండీ, తలుపు వేసుకుని—”

“వినబడింది. గెలిస్తే తనేం చేస్తుందో అడుగు.”

“ఏమీ చేయను. ఊరికే చిరునవ్వు నవ్వుతాను.”

“ఆ చిరునవ్వే భరించలేనని చెప్పు! దానికంటే చెవిలో బాకా ఊదించుకోవడం నయం.”

కోడలు ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పి, “నాకు మెడనొప్పి వస్తే ఆ కూటమి మందిస్తుందా?” అంది. పైకి ఎవరూ నవ్వలేదు కానీ, కొడుకు మూతి టీ గ్లాసు వెనక దాచుకున్నాడు.

రెండో గడి దగ్గరికి వచ్చేసరికి సరదా పోయింది. కూతురు పెన్ను తీసుకుంది. ఆలోచించకుండా రాసింది. పక్క నగరంలోని కంటి ఆసుపత్రి వాళ్ళు రమ్మంటున్నారు. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఓడితే వెళ్ళిపోతుంది.

కొడుకు ఆ గడి చదివాడు. పెన్ను లాక్కుని తన గడి నింపాడు. ఓడితే ఫ్రేముల ఫ్యాక్టరీలో చేరతాడు. స్నేహితుడితో మాట్లాడేశాడు. ఎవరి అద్దాలు వాళ్ళే బిగించుకోవచ్చు.

అమ్మ పొయ్యి కట్టేసి ఆ రెండు గళ్ళూ చదివింది. అవును గెలిస్తే ముందు గది ఖాళీ. కాదు గెలిస్తే లోపలి గది ఖాళీ. దేశానికి రెండు దారులున్నాయి కానీ, తనకి ఏ దారిలోనూ ఇద్దరూ కనబడలేదు.

“మీరు రాయరా అత్తయ్యా?” అంది కోడలు మెల్లగా.

“నేను తొమ్మిదికి షాపు తలుపు తీస్తాను. రెండు గళ్ళలోనూ అదే రాసుకో.”

తొమ్మిదికి తలుపు తీసింది. కౌంటరు తుడిచి, ఇవ్వాల్సిన జోళ్ళ డబ్బాలు వరసగా పెట్టింది. లోపలి గదిలో కూతురు అక్షరాల పలక కింద దీపం వేసింది. ముందు గది మూలన కొడుకు అరగదీసే చక్రం మీదికి నీళ్ళ గొట్టం తిప్పాడు. కూతురు కళ్ళు చూసి చీటీ రాసి కౌంటరు మీద పెడుతుంది. అమ్మ ఆ చీటీ తీసి కొడుకు బల్ల మీద పెడుతుంది. రెండు నెలలుగా పని ఇలాగే నడుస్తోంది. పై నుంచి టీవీ గొణుగుడు వినబడుతోంది. కోడలు దాక్కోవాల్సింది పోయి లెక్కింపు చూస్తోంది.

పదిన్నరకి బస్సు డ్రైవరు వచ్చాడు. పన్నెండేళ్ళుగా ఇక్కడే జోళ్ళు చేయించుకునే భారీ మనిషి.

“అమ్మగారూ, నా జోడు అయిందా? రెండింటికి డ్యూటీ ఎక్కాలి. మొన్న పాత జోడు మీద నేనే కూర్చున్నాను. నా బరువు మోసే జోడు ఇంకా ఎవరూ కనిపెట్టలేదనుకుంటా.”

“అయింది. ఇదిగో,” అని అమ్మ డబ్బా అందించింది.

ఆయన డబ్బా జేబులో వేసుకుని వెనక్కి తిరిగాడు.

“అదేమిటి, ఒకసారి పెట్టుకుని చూడండి.”

“మీ దగ్గర చూసేదేముందమ్మా,” అంటూనే ఆయన తీసి పెట్టుకుని వీధి వైపు తిరిగాడు. మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా జారిపోయింది.

“అమ్మగారూ, ఎదురుగా నిలబడింది మనిషా, పోస్టు డబ్బానా?”

అది పోస్టు డబ్బా. రోడ్డుకి అవతల, ఎర్రగా, ఎప్పుడూ ఉన్న చోటే ఉంది.

కూతురు బయటికి వచ్చింది. జోడు అందుకుని అద్దం గుండా చూసింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ పరీక్ష చేసింది. ఈ జోడుకి తను రాసిన చీటీ తెప్పించుకుంది.

“మైనస్ రాయాల్సింది ప్లస్ రాశాను,” అంది. ఎవరితోనూ కాదు, చీటీతో అన్నట్టు.

తర్వాత ముందు గదిలోకి వచ్చి, రెండు నెలల్లో మొదటిసారి అన్న మొహంలోకి చూసింది.

“నువ్వు చూసుకోలేదా?”

చక్రం ఆగింది. “చూశాను.”

“ఏం చూశావు?”

“పన్నెండేళ్ళుగా ఆయనకి మైనస్సే బిగిస్తున్నాను. చీటీ చూడగానే తెలిసింది.”

“తెలిసీ బిగించావా?”

“నువ్వే కదా వదినతో చెప్పించావు? చీటీలో ఉన్నది చేస్తే చాలు, సలహాలు అక్కర్లేదని! చేశాను. ఇక్కడే పెట్టుకుని చూస్తాడు, తప్పు బయటపడుతుంది, అప్పుడు నీకే తెలిసొస్తుందనుకున్నాను.”

“నాకు తెలిసిరావడానికి బస్సులో నలభై మంది ఎక్కాలా అన్నయ్యా?”

డ్రైవరు గుమ్మంలో ఇబ్బందిగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“నిజం చెప్పాలంటే నేను ఇక్కడ పెట్టుకునేవాణ్ణి కాదు బాబూ. సీట్లో కూర్చున్నాకే తీద్దామనుకున్నాను. అమ్మగారు పెట్టుకోమన్నారు కాబట్టి సరిపోయింది.”

కొడుకు చేతులు తడి గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడవాల్సినదేమీ లేకపోయినా.

“తప్పు రాసింది నేను,” అంది కూతురు. “దాన్ని నీ మీదికి తోయను. కానీ నాన్న ఉంటే—”

“నాన్న ఉంటే నన్ను చక్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు,” అన్నాడు కొడుకు. “తెలుసు. చెప్పక్కర్లేదు.”

“ఇద్దరూ ఆగండి,” అంది అమ్మ.

ఆమె గొంతు పెంచలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మాట్లాడింది.

“ఈ ఓటు మీ నాన్న ఎటు వేసేవారో నాకు తెలియదు. ఏ ఓటూ ఎటు వేశారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాబట్టి ఆయన ఓటు మీ ఇద్దరిలో ఎవరూ వాడుకోవద్దు. ఆయన ఈ షాపులో ఏం చేసేవారో మాత్రం తెలుసు. లోపలి గదిలోంచి పవర్ పైకి చదివేవారు. ఇక్కడ నువ్వు తిరిగి చెప్పేదాకా అద్దం ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక్కోసారి మూడుసార్లు చెప్పించేవారు. వచ్చినవాళ్ళు నవ్వినా సరే.”

కూతురు చేతిలోని చీటీ చూపించింది.

“ఆ చీటీ నా చేతుల మీదుగానే వెళ్ళింది. నేనూ చదవలేదు. మీరు మాట్లాడుకోకపోతే పోట్లాట ఉండదు కదా అని రెండు నెలలు చీటీలు మోశాను. ఇల్లు చప్పుడు లేకుండా ఉంటే ప్రశాంతంగా ఉందనుకున్నాను. తప్పులో నా వాటా కూడా ఉంది.”

కొడుకు డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు. “నన్ను క్షమించండి. గంటన్నర కూర్చోగలరా?”

“కూర్చుంటాను బాబూ. కానీ కుర్చీ మీద జోళ్ళేమీ లేవు కదా, చూసి చెప్పండి. నాకు కనబడదు.”

మొదట నవ్వింది కూతురే. కళ్ళలో నీళ్ళతోనే నవ్వింది.

ఆమె ఆయన కళ్ళు మొదటి నుంచి మళ్ళీ పరీక్ష చేసింది. చీటీ రాయలేదు. లోపలి గది గుమ్మంలో నిలబడి పైకి చదివింది.

“కుడి కన్ను, మైనస్ ఒకటిన్నర.”

“కుడి కన్ను, మైనస్ ఒకటిన్నర,” అన్నాడు కొడుకు. అరలోంచి అద్దం తీసి, చక్రం తిప్పాడు. ఆమె పక్కనే నిలబడి అంచు చూసింది. కొంచెం ఎక్కువ అరుగుతోందంది. అరగడం లేదన్నాడు. అరుగుతోందంది. చూశాడు. అరుగుతోంది.

అప్పుడే కోడలు మెట్లు దిగి వచ్చింది. “వచ్చేసింది,” అంది. ఎవరూ తిరగలేదు. “వచ్చేసిందండీ!”

“ఏమిటి?” అన్నాడు కొడుకు తల ఎత్తకుండా.

“ఏమిటంటారేమిటి! ఫలితం. ‘కాదు’ గెలిచింది. వెంట్రుకవాసి తేడాతో.”

చక్రం నెమ్మదించి ఆగింది. పక్క మేడ మీద ఎవరో కేకలు వేస్తున్నారు. ఎక్కడో ఎవరో తలుపు గట్టిగా వేశారు. అమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. కాదు గెలిస్తే లోపలి గది ఖాళీ.

కూతురు అద్దం మీంచి చూపు తిప్పలేదు.

“వెళ్ళు, నీ బాకా ఊదుకో,” అంది.

కొడుకు చెల్లెల్ని చూశాడు. బాల్కనీలో నిలబడినప్పుడు ఎలా ఉంటుందో అని ఈ రెండు నెలల్లో చాలాసార్లు ఊహించుకున్నాడు. ఆ ఊహలో చెల్లెలు ఇంత దగ్గరగా లేదు.

“నోరెండిపోయింది,” అన్నాడు. “ఎడమ కన్ను చదువు.”

ఆమె చదివింది. “మైనస్ ఒకటింపావు.”

“మైనస్ ఒకటింపావు.”

ఒంటిగంటకి డ్రైవరు కొత్త జోడు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పోస్టు డబ్బా మీద తపాలా తీసే వేళలు పైకి చదివాడు. ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాకి ఎన్ని గుండీలో లెక్కపెట్టాడు. తృప్తిగా తల ఊపి డ్యూటీకి వెళ్ళాడు.

అమ్మ, కోడలు భోజనాలు సర్దడానికి పైకి వెళ్ళబోతుంటే కొడుకు చక్రం కడుగుతూ అడిగాడు.

“బుజ్జీ, ఆ ఆసుపత్రివాళ్ళకి ఏం చెబుతావు?”

“నీకెందుకు?”

“వెళ్ళాలని ఉంటే వెళ్ళు. సామాను నేనే మోస్తాను. ఓడిపోయానని మాత్రం వెళ్ళకు.”

అమ్మ మొదటి మెట్టు మీద ఆగిపోయింది. కూతురు లోపలికి వెళ్ళింది. అక్షరాల పలక కింద దీపం ఆర్పి వచ్చింది.

“నేను వెళ్తే నీ అద్దాలు ఎవరు చూస్తారు? తప్పని తెలిసీ బిగించే మనిషివి. వెళ్ళడం లేదని చెప్పేస్తాను. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, నువ్వు చేసింది ఘోరమైన తప్పు.”

“ఏది? అద్దమా, ఓటా?”

“రెండూ!”

“అద్దం ఒప్పుకుంటాను. ఓటు ఒప్పుకోను!”

“వచ్చే నెల సరుకు సరిహద్దులో ఆగిపోతే అప్పుడు ఒప్పుకుంటావులే!”

“ఆగితే ఇక్కడే చేసుకుంటాం!”

“దేంతో చేస్తావు, సీసా అడుగుతోనా?”

అమ్మ పైకి వచ్చి కంచాలు పరిచింది. కింద గొంతులు పెరుగుతున్నాయి. ఆయన పోయిన పది నెలల్లో ఆ మెట్ల మీదుగా ఇంత చప్పుడు పైకి రాలేదు. ఆమె చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. కళ్ళు తుడుచుకుంటే కోడలు చూస్తుందని, తుడుచుకోకుండా నిలబడింది.

“అత్తయ్యా, మళ్ళీ మొదలుపెట్టారు,” అంది కోడలు కంగారుగా. “వెళ్ళి ఆపనా?”

“వద్దమ్మా,” అంది అమ్మ. “ఆ కిటికీ కాస్త తెరువు. సరిగా వినబడటం లేదు.”