మూడున్నరలో నాలుగు

కుట్టుషాపు అమ్మాయికి మెడలో టేపు లేకుండా వీధిలోకి అడుగుపెట్టడం చేతకాదు. ఆ రోజూ టేపు మెడలోనే ఉంది. గొడవ దానివల్లే వచ్చింది.

"నాలుగు అంగుళాల హార్డ్ డిస్క్ పట్టే డబ్బా ఇవ్వండి," అంది కంప్యూటర్ సామాన్ల షాపులో.

కౌంటర్ వెనక యువకుడు స్క్రూలు ఏరుకుంటూ తలైనా ఎత్తలేదు. "నాలుగుది ఉండదండీ. మూడున్నరది తీసుకెళ్ళండి, సరిపోతుంది."

"నేను కొలిచాను."

"దీనికి కొలవక్కర్లేదండీ."

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. వాళ్ళింట్లో అది తిట్టుతో సమానం. వాళ్ళ నాన్న కొలవకుండా గుడ్డకి కత్తెర తగలనివ్వడు. ఇంట్లోవాళ్ళకి కూడా ఏటా కొలతలు తీసి, కొలతల పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో రాసిపెడతాడు. అలాంటి ఇంట్లో పుట్టి, పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ భుజాలు కొలుస్తున్న మనిషికి, నాలుగు అంగుళాల వస్తువు మూడున్నరలో పడుతుందని చెబుతాడా? విసురుగా వచ్చేసింది.

రోషం సంగతి సరే, అవసరం మాత్రం పీకల మీదుంది. ఒక హోటల్ వాళ్ళకి శనివారం కల్లా ముప్పై యూనిఫారాలు ఇవ్వాలి. జేబుల మీద కుట్టాల్సిన ఎంబ్రాయిడరీ డిజైన్ పాత కంప్యూటర్లో ఉంది. ఆ కంప్యూటర్ కాస్తా కన్నుమూసింది. రిపేరు చేయడానికి వచ్చినాయన చేతులెత్తేసి, హార్డ్ డిస్క్ మాత్రం ఊడదీసి ఇచ్చి, దీనికో బయటి డబ్బా కొని లాప్‌టాప్‌కి తగిలించుకోమన్నాడు. డిజైన్ దొరక్కపోతే ఆ ఆర్డరు పోతుంది, దాంతోపాటు నాన్న ముప్పై ఏళ్ళ మంచిపేరూ పోతుంది.

ఇంకో నాలుగు షాపులు తిరిగింది. అందరూ కూడబలుక్కున్నట్టు మూడున్నరే అన్నారు. ఇంటికొచ్చి, టేపు సాగిందేమోనని నాన్న టేపుతో సరిచూసింది. అక్షరాలా నాలుగే.

గురువారం పొద్దున మళ్ళీ మొదటి షాపుకే వెళ్ళి, కౌంటర్ మీద చిన్న సంచీ ఒకటి పెట్టింది. మందపాటి గుడ్డ, లోపల లైనింగ్, పైన మడత, దానికి రెండు టిచ్ బటన్లు. అతను బటన్లు విప్పి చూస్తే, లోపల హార్డ్ డిస్క్ హాయిగా పడుకుని ఉంది.

"డబ్బా మీరే కుట్టుకున్నారా?"

"మరి మీరెవరూ ఇవ్వకపోతే?"

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు చాలా బాగుందన్నాడు. ఆ తర్వాత వినయంగా, వైరు ఎక్కడ తగిలిద్దామని అడిగాడు. వైరు సంగతి ఆమెకి తట్టనే లేదు. అతను పెదవి బిగబట్టుకుని, నవ్వు బయటికి రాకుండా చాలా కష్టపడ్డాడు. మూడున్నర అని రాసున్న డబ్బా తెరిచి, ఆమె ముందు పెట్టాడు.

"కొలవండి."

కొలిచింది. లోపల నాలుగు అంగుళాలు, ఇంకా ఓ నూలుపోగంత లూజు.

"మరి మూడున్నరని అబద్ధం ఎందుకు రాశారు?"

"అది కొలత కాదండీ, పేరు. మూడున్నర అంగుళాల ఫ్లాపీ డిస్కుల కాలంలో పెట్టారు, అలాగే ఉండిపోయింది." అతను తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే నేనూ ఎప్పుడూ కొలవలేదు. మొన్న మీరు వెళ్ళాక ఓ డిస్కు తీసి కొలిచాను. మీరన్నదే నిజం, నాలుగే."

తను కోపంగా వెళ్ళిపోయాక ఒక మనిషి కూర్చుని కొలిచాడు. కొలిచి, ఒప్పుకున్నాడు. ఆ క్షణంలో అతను ఆమెకి తెగ నచ్చేశాడు.

తర్వాత డబ్బా ఎంచుకోవడం పెళ్ళిబట్టలు ఎంచుకున్నంతసేపు పట్టింది. ఇంత పెద్ద డిస్కుకి లాప్‌టాప్ ఇచ్చే కరెంటు చాలదని, విడిగా అడాప్టర్ ఉన్నదే తీసుకోవాలని అతను చెప్పాడు. ఆమె ప్లాస్టిక్ డబ్బానీ అల్యూమినియం డబ్బానీ చీర అంచు చూసినట్టు వేళ్ళతో రుద్ది చూసి, ప్లాస్టిక్‌దైతే ఉక్కపోస్తుందని తీర్పు చెప్పింది. అచ్చంగా అదే కారణమని, పాత డిస్కు వేడెక్కుతుంది కాబట్టి అల్యూమినియమే మేలని అతను ఒప్పుకున్నాడు. బిగించి లాప్‌టాప్‌కి తగిలిస్తే, డిస్కు గుర్రుమని తిరిగింది, డిజైన్ తెరమీదికి వచ్చింది. ఆమె కళ్ళు చెమర్చాయి. అతను పడిపోని స్క్రూ కోసం కాసేపు బల్ల కింద వెతికాడు.

పైకి లేచాక ఆమె చూపు అతని చొక్కా మీద పడింది. భుజాలు రెండు వేళ్ళ మేర కిందికి జారి ఉన్నాయి.

"ఆ చొక్కా ఎవరిది?"

"నాదే. నలభై రెండు."

"కొలిపించుకున్నారా?"

"లేబుల్ మీద ఉందిగా," అని, తనే నవ్వేశాడు.

యూనిఫారాలు శనివారం వెళ్ళిపోయాయి. ఆదివారం అతను గుడ్డ పట్టుకుని కుట్టుషాపుకి వచ్చాడు. ఆమె కొలతలు తీస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడితే, అలాగైతే కొలత తప్పుతుంది, వదలమని కసిరింది. గబగబా పుస్తకంలో రాసుకుంది.

నాన్న కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏ పేజీలో రాశావమ్మా?"

చూసుకుంటే చివరి పేజీ. నాన్న, అమ్మ, తను, ఆ కింద అతను. ఆమె రబ్బరు వైపు చూసింది గానీ, చెయ్యి కదల్లేదు.

"ఇది మా ఇంటివాళ్ళ పేజీ బాబూ," అన్నాడు నాన్న. "నీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పు, రబ్బరుంది."

అతను ఆమె వైపు చూశాడు, పేజీ వైపు చూశాడు. "పెన్సిల్‌తో రాశారండీ," అన్నాడు. "పెన్నుతో రాయమనండి."

నాన్న తన టేపు తీసి, అతని భుజం మరోసారి కొలిచాడు. "అరంగుళం ఎక్కువ వేశావే. ధ్యాస ఎక్కడుంది?"

పన్నెండేళ్ళలో మొదటిసారి, ఆమె మళ్ళీ కొలిచి చూసుకోలేదు. పెన్ను కోసం వెతుకుతోంది.