నలభై ఫ్రేములు

గొడవ పెట్టుకోవాలని భానుప్రకాష్ ఇంటి దగ్గరే నిర్ణయించుకుని బయల్దేరాడు.

వాన దంచుతోంది. కాశీబుగ్గ కె.టి. రోడ్డు మీద చీలమండల దాకా నీళ్ళు. చంకలో ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి రెండు పాలిథీన్ కవర్లు తొడిగాడు గాని తను మాత్రం గొడుగు మర్చిపోయాడు. ఢిల్లీశ్వరరావు కంప్యూటర్ షాపు మెట్లెక్కి, కార్డుని కౌంటరు మీద పడేసి, ఎదురుగా ఎవరున్నారో చూడకుండానే అందుకున్నాడు.

“డూప్లికేట్ సరుకు ఇచ్చీసారు! ఆరు కార్డులు కొన్నాను. ఆరూ డూప్లికేటే!”

“ముందు తల తుడుసుకోండి. నీళ్ళు కీబోర్డు మీద పడతన్నాయి.”

అప్పుడు చూశాడు. జడలో పెన్సిల్‌లా స్క్రూడ్రైవర్ గుచ్చుకున్న ఒక అమ్మాయి, విప్పి పడేసిన సీపీయూ పెట్టె ముందు కూర్చుని ఉంది.

“ఢిల్లీశ్వరరావుగారు లేరా?”

“మావయ్య బేంకుకెల్లారు. సర్వీసు నేనే సూత్తాను. ఏటి ప్రాబ్లం?”

మావయ్య లేరా అన్న ప్రశ్న ఆ అమ్మాయికి, ప్రమోదినికి, అలవాటే. ఆమెది అక్కుపల్లి. విశాఖపట్నంలో హార్డ్‌వేర్ కోర్సు చేసి, ఏడాదిగా మేనమామ షాపులో పనిచేస్తోంది. ఆ ఏడాదిలో వచ్చిన కస్టమర్లందరూ ముందు మావయ్య ఎక్కడ అనే అడిగారు.

ఇక దారి లేక భానుప్రకాష్ చెప్పుకొచ్చాడు. తండ్రి నారాయణమూర్తికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. దాని ముందు గదిలో తను ఆరు కంప్యూటర్లతో గేమింగ్ సెంటర్ పెట్టాడు. వినాయక చవితికి టెక్కలి కాలేజీ కుర్రాళ్ళు పలాస కుర్రాళ్ళతో తుపాకుల ఆట పోటీకి వస్తామన్నారు, కాకపోతే మెషీన్లలో సెకనుకి కనీసం నలభై ఫ్రేములు రావాలన్నారు. ఫ్రేములంటే తెర మీద మారే బొమ్మలు. అవి తగ్గితే, ఎదుటివాడు కాల్చేసిన తర్వాత గాని మనకి వాడి తుపాకి కనబడదు. అందుకని భాను ఉన్నదంతా ఊడ్చి మంచి కార్డులు కొన్నాడు. అయినా ఇరవై రెండు దగ్గరే ఆగిపోయాయి.

“పోటీ జరగపోతే మా నాన్న ఆ గదిలో జీడిపిక్కల బస్తాలు ఏయించేస్తానన్నాడు. నన్ను కాటా దగ్గర కూకోబెడతాడంట.”

“సాయంత్రం వచ్చి సూత్తాను,” అంది ప్రమోదిని. “కార్డు మళ్ళా పెట్టండి. తడపకండి.”

*

చెప్పినట్టే వచ్చింది. ఆట మొదలుపెట్టి తెర మూలన ఫ్రేముల అంకె కనబడేలా చేసింది. ఇరవై రెండు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి రిజల్యూషన్ బాగా కిందికి దింపేసింది. బొమ్మలు గళ్ళుగళ్ళుగా మొరటుగా తేలాయి. అంకె ఇరవై మూడయింది.

“సూసారా? కార్డుకి పని సగానికి సగం తగ్గించీసాను. కార్డే చేతకానిదైతే ఈపాటికి ఫ్రేములు రెట్టింపవ్వాలి. ఒక్కటి పెరిగింది. అంటే మీ కార్డు పని లేక ఖాళీగా కూకుంది.”

“అంత ఖరీదు పెట్టి కొంటే ఖాళీగా కూకోవడం ఏటండి?”

ప్రమోదిని వెనక కిటికీలోంచి ఫ్యాక్టరీ వైపు చూసింది. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు పప్పు మీద పొట్టు తీస్తున్నారు. అవతల షెడ్డులోంచి పిక్కలు కొట్టి పప్పు బయటికి తీస్తున్న చప్పుడు వస్తోంది.

“రేపు పిక్కలు కొట్టేవోళ్ళు ఇద్దరే వచ్చి, పొట్టు తీసేవోళ్ళు ఇరవైమంది వచ్చీసారనుకోండి. ఏటవుతాది?”

“ఏటవుతాది, ఇరవైమందీ కబుర్లు సెప్పుకుంతారు.”

“మీ కార్డూ అదే సేత్తంది. ఆటలో ఎవడెక్కడున్నాడు, గుండు ఎక్కడ తగిలింది, ఇదంతా ప్రాసెసర్ లెక్క కట్టి అందించాలి. అప్పుడే కార్డు బొమ్మ గీస్తాది. మీ ప్రాసెసర్ ముసలిది.”

“పోనీ ఇంకా పెద్ద కార్డు కొంటే?”

“ఇంకో పదిమంది కబుర్లకి కూకుంతారు.”

భానుప్రకాష్ పగలబడి నవ్వాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఫ్యాక్టరీ చూస్తూ పెరిగినవాడికి తన కంప్యూటర్ అర్థమైంది ఆ సాయంత్రమే. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూశాక అతను మరో ప్రశ్న అడగడానికి గట్టిగా ప్రయత్నించాడు గాని ఒక్కటీ తట్టలేదు.

మర్నాటి నుంచి అతని సెంటర్‌లో సామాన్లు వరసగా పాడవడం మొదలుపెట్టాయి. సోమవారం మౌసు. బుధవారం స్పీకరు. శుక్రవారం మళ్ళీ అదే మౌసు.

“ఇది బాగానే ఉంది కదండీ?” అంది ప్రమోదిని.

“అక్కడ పనిసెయ్యలేదు.”

“అక్కడ ప్లగ్గు పెట్టినారా?”

భాను మౌసు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తనకి ఆ అమ్మాయంటే ఇష్టమని అప్పటికి అతనికి తెలిసిపోయింది. ఆమెకి ఇంకా ముందే తెలిసింది.

*

ప్రాసెసర్లు విశాఖపట్నంలో కొనాలి. ప్రమోదిని చీటీ మీద కంపెనీ పేరు, 630 అనే నంబరు రాసిచ్చింది. ఆ కార్డులకి సరిజోడు అదే, పాత బోర్డుల మీదే కూర్చుంటుంది అని చెప్పింది. పప్పు సరుకు పని మీద నారాయణమూర్తి విశాఖ వెళ్తూ చీటీ జేబులో పెట్టుకున్నాడు. ప్రమోదిని నాలుగు రోజులు అక్కుపల్లి వెళ్ళింది.

నారాయణమూర్తి మంచి హుషారుగా తిరిగి వచ్చాడు.

“మేలు రకం సరుకు తెచ్చినాను. పైగా చవక. బేరం అంటే అదిరా!”

భాను ఆగలేకపోయాడు. ప్రమోదిని చేస్తుండగా చూసిన జ్ఞాపకంతో ఆరూ తనే బిగించాడు. అంకె ముప్పై నాలుగుకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. రాత్రంతా కుస్తీ పట్టినా ముప్పై అయిదు కాలేదు. చవితి వారం రోజుల్లో ఉంది.

ఆ కోపంలో చేసిన పనికి అతను తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. ప్రమోదిని ఊరి నుంచి వచ్చిన రోజే తండ్రిని కూడా వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాడు. దారిలో కలిసిన బరంపురం పప్పు వ్యాపారి కూడా నారాయణమూర్తి పక్కనే వచ్చి నిలబడ్డాడు. షాపులో మరో నలుగురు కస్టమర్లున్నారు.

“మీరు రాసిచ్చిందే కొన్నాం. ముప్పై నాలుగు! తెలిస్తే తెలుసనాలి, లేపోతే లేదనాలి. మా నాన్న సొంత చేతుల్తో తెచ్చినాడు.”

“అవునమ్మా, దగ్గరుండి ఎంచి మరీ తెచ్చినాను,” అన్నాడు నారాయణమూర్తి.

భాను ఖాళీ పెట్టె కౌంటరు మీద కొట్టాడు. ప్రమోదిని పెట్టె మీద నంబరు చూసింది. నారాయణమూర్తిని చూసింది. ఆయన పక్కనున్న వ్యాపారిని చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

“సరేనండి,” అని మాత్రం అంది.

ఢిల్లీశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది. “ఆడపిల్లకి సర్వీసు ఒద్దని నలుగురూ ముందే సెప్పినారు,” అని అందరి ముందూ అనేశాడు. ఆ మధ్యాహ్నమే ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, ముందు బల్ల మీద దస్తావేజులు టైపు చెయ్యమన్నాడు.

*

మర్నాడు విశాఖ షాపుకి ఫోన్ చేసి నాలుగు చివాట్లు పెడదామని భాను తండ్రిని చీటీ అడిగాడు. చీటీలో 630 ఉంది. పెట్టె మీద 331 ఉంది.

“నాన్నా, ఇదేటి?”

“630 అయిపోనాయన్నాడు. 640 ఉంది, 331 ఉంది, ఏది కావాలన్నాడు. నాకు తెల్దేటి? నంబరు తగ్గే కొద్దీ సరుకు మేలు. నూట ఎనభై గ్రేడు పప్పు బొటనేలంత ఉంతాది. మూడొందల ఇరవై దాని ముందు ఏపాటి? కొట్టువాడికి గ్రేడు తెలక చవగ్గా ఇచ్చీసినాడు!”

భానుకి అప్పుడు వెలిగింది. పౌండుకి, అంటే దాదాపు అరకిలోకి, ఎన్ని పప్పులు తూగుతాయో అదే పప్పు గ్రేడు, కాబట్టి నంబరు తగ్గితే గింజ పెద్దది. నలభై ఏళ్ళు ఆ లెక్కతో బతికిన మనిషి, నంబరు పెరిగే కొద్దీ మేలైన ప్రాసెసర్లనీ అదే కాటా మీద తూచాడు. 640 తెచ్చినా ఫ్రేములు నలభై దాటేసేవి. ఇప్పుడు బిగించేసినవి వెనక్కి తీసుకోరు, కొత్తవి కొనడానికి డబ్బులూ లేవు.

ఆ సంగతి ప్రమోదినికి పెట్టె చూడగానే తెలిసిపోయి ఉండాలి. ఎందుకు నోరు విప్పలేదు?

అదే అడిగాడు, టైపు బల్ల ముందు నిలబడి, గొంతు తగ్గించి. ఆమె వేళ్ళు ఆపలేదు.

“మీ నాన్నగారి పక్కన పప్పు కొనేవారున్నారు కదండీ. నారాయణమూర్తి నంబరు తప్పు సదివినాడంటే రేపు ఆయన వేసిన గ్రేడు ఎవరు నమ్ముతారు?”

తను పదిమందిలో ఆమె పరువు తీస్తుంటే, ఆ అమ్మాయి నిలబడి తన తండ్రి పరువు కాపాడింది.

“సారీ.”

“నాకెందుకు? నా పని తీసీసింది మావయ్య.”

ఢిల్లీశ్వరరావు కౌంటరు దగ్గర ఉన్నాడు. షాపు నిండా జనం. తండ్రి తప్పు ఇక్కడ బయటపెడితే సాయంత్రానికల్లా పలాస అంతా పాకుతుంది. ఆ తర్వాత తండ్రి కోపానికి ఆ గదీ ఉండదు, ఆ పోటీ ఉండదు. అయినా భాను కౌంటరు వైపు తిరిగాడు. అందరికీ వినబడేలా చెప్పాడు.

“ఢిల్లీశ్వరరావుగారూ, ప్రమోదినిగారు రాసింది కరెక్టు. మేం తెచ్చిందే తప్పు నంబరు. ఆవిడ్ని అన్న మాటలకి నేను సిగ్గుపడతన్నాను. మా మెషీన్లకి ఆవిడ తప్ప ఇంకెవరూ సెయ్యి పెట్టడానికి వీల్లేదు.”

ఢిల్లీశ్వరరావు సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి మేనకోడలి ముందు పెట్టాడు.

మాట ఫ్యాక్టరీకి భాను కన్నా ముందే చేరింది. నారాయణమూర్తి కొడుకుతో రెండే ముక్కలు మాట్లాడాడు.

“చవితి ఎల్లగానే ఆ గది నాకు కావాలి.”

*

చవితి రోజు పొద్దున్న, పోటీకి మూడు గంటల ముందు, ఢిల్లీశ్వరరావు స్కూటర్ వచ్చి ఆగింది. వెనక ప్రమోదిని, ఒళ్ళో ఒక సీపీయూ.

“ఇదేటి?” అన్నాడు భాను.

“నా సొంతది. ముక్క ముక్కా నేనే బిగించుకున్నాను. జరగండి.”

పోటీలో ఆరు మెషీన్లనీ కలిపి ఆటని నడిపించే పని, ఆడేవాళ్ళ మెషీన్లలోనే ఒకటి మోస్తోంది. ఆ భారం ఆమె తన మెషీన్‌కి మార్చింది. తర్వాత ఒక్కొక్కటీ తెరిచి, వెనకాల ఊరికే తిరుగుతున్న ప్రోగ్రాములు మూసింది. ఆటలో నీడలు, రాలిపడే ముక్కలు, ప్రాసెసర్ లెక్క కట్టాల్సినవన్నీ తగ్గించింది. రిజల్యూషన్ మాత్రం ఇంకా పెంచింది.

“పెంచుతారేటి?”

“కార్డు ఖాళీగానే ఉంది కదా, కబుర్లు మాని బొమ్మలు గీస్తాది. పిక్కలు కొట్టేవోళ్ళని పెంచలేనప్పుడు, ఆళ్ళ నెత్తిన ఉన్న మిగతా పన్లు తీసీడమే.”

అంకె కదిలింది. ముప్పై తొమ్మిది. నలభై మూడు. నలభై ఆరు దగ్గర నిలబడింది. భాను ఆరు తెరలూ చూసి వచ్చి, మళ్ళీ చూడ్డానికి వెళ్ళాడు.

టెక్కలి కుర్రాళ్ళు తెర మూల అంకె చూసి వెంటనే ఆటకి కూర్చున్నారు. ఆట రెండు గంటలు సాగింది. గుమ్మం దాకా జనం. చివరికి పలాస వాళ్ళు ఓడిపోయారు గాని ఎవరూ మెషీన్లని తిట్టలేదు. వెళ్తూ వెళ్తూ టెక్కలి కుర్రాళ్ళు దసరాకి కూడా ఇక్కడే అని చెప్పారు.

జనం పల్చబడ్డాక చూస్తే నారాయణమూర్తి తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. వెంట బరంపురం వ్యాపారి.

“అమ్మా,” అన్నాడు నారాయణమూర్తి, ప్రమోదినితో. “ఈ సావుకారికి నేనే సెప్పినాను. పప్పు గ్రేడు నాకు తెలుసు, కంప్యూటర్ గ్రేడు ఆ పిల్లకి తెలుసు, తెలనిదాంట్లో యేలెట్టి తప్పు సరుకు తెచ్చింది నేనే అని. నవ్వినాడు గాని సరుకు మానలేదు. నువ్వు ఆ రోజు నా పరువు కాసినావు. నీ మీద మాట పడినా ఊరుకున్నావు. నాకు నిద్దర పట్టలేదు తల్లీ.”

“పెద్దోరు, అలాగనకండి,” అంది ప్రమోదిని, కళ్ళు దించుకుని.

ఆయన కొడుకు వైపు తిరిగాడు. “బస్తాలకి వెనక షెడ్డు ఉందిలే. ఆ పిల్లకి మంచినీళ్ళైనా ఇచ్చినావేట్రా, పొద్దున్నించీ పని సేయించడమేనా?” అని వ్యాపారిని తీసుకుని బయటికి నడిచాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. బయట సన్నగా చినుకులు మొదలయ్యాయి.

“మీ మెషీన్ రేపు నేనే జాగర్తగా దింపుతాను,” అన్నాడు భాను.

“ఒద్దు. ఇక్కడే ఉండనీ.”

“మరి మీ మావయ్య అడిగితే?”

“సెప్పు.” ఆమె మొదటిసారి నువ్వు అంది. “ఏటని సెప్తావో ముందు నాకు సెప్పు.”

మౌసు పాడైందని చెప్పడానికి వారానికి రెండు సాకులు పుట్టించినవాడికి ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు. అందుకని ఉన్నదే చెప్పాడు.

“నువ్వంటే నాకు ప్రాణం. ఏదీ పాడవకపోయినా నువ్వు రోజూ ఇక్కడికి రావాలి. రేపు మా నాన్నని మీ మావయ్య దగ్గరికి పంపుతాను.”

ప్రమోదిని తన మెషీన్ వైపు చూసింది, అతని వైపు చూసింది. జడలోంచి స్క్రూడ్రైవర్ తీసి దాని పక్కన పెట్టింది.

“అక్కుపల్లికి కూడా రమ్మను,” అంది. “మా అమ్మతో నేను వారం కిందటే సెప్పీసాను.”