రెండు డబ్బాలు, ఒకే తీగ

మా ఊళ్లో బండ్ల పనులు చేసే షెడ్ల వరసలో చిట్టచివరి దానికి అద్దె అడగరు. ఉంటానంటే చాలు, యజమాని తాళం చేతిలో పెట్టేసి, మనం మనసు మార్చుకునేలోపే అటు తిరిగి నడుస్తాడు.

అక్కడ ఎవరూ చచ్చిపోలేదు. అదే వచ్చిన చిక్కు. చచ్చినవాడంటూ ఒకడుంటే వాడి పేరు చెప్పుకుని ఓ దండం పెట్టుకోవచ్చు. ఫలానావాడు ఫలానా కోపంతో తిరుగుతున్నాడని సర్దుకుపోవచ్చు. ఇక్కడ ఆ వీలు కూడా లేదు. సీట్లు కుట్టేవాడొకడు చేరాడు — కుట్టుమిషను వదిలేసి పోయాడు, మళ్లీ దానికోసం రాలేదు. రంగులు కొట్టేవాడొకడు చేరాడు — ఏం జరిగిందని అడిగితే, చెప్పడు గానీ అడిగినవాడి భుజం వెనక్కి చూస్తాడట. కాపలా ముసలాయన దూరం నుంచే లైటు వేసి, "అంతా బాగానే ఉంది" అని తనకి తనే చెప్పుకుని వెనక్కి తిరుగుతాడు.

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. భయం మాత్రమే ఉంది. కాబట్టి ఇది నేను చూసింది కాదు, విన్నది. సగం మా తోడల్లుడి నోట, సగం మా మామగారి నోట.

ముందు బండి సంగతి. మా మామగారిది ఓ పికప్ బండి. ముందు క్యాబిను, వెనక సరుకేసుకునే తొట్టి, తొట్టి మీద టార్పాలిన్ టాపు. కళ్లు మసకలేశాక ఆయన దాన్ని పెద్దల్లుడికి ఇచ్చారు. ఇవ్వడమంటే, పన్ను పీకించుకున్నట్టు ఇచ్చారు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో కూర్చుని, మధ్యలో మా అత్తగారి చేత చెప్పించుకుంటారు. ఆవిడ ఇంట్లో ఉన్న టెలిఫోను.

చిన్నల్లుణ్ణి నేను. మీ ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మా ఆవిడ కాస్త ఆలోచించి, "రాస్తుంటారు" అంటుంది — దగ్గుతుంటారు అన్నట్టు. పెద్దవాడి చేతిలోంచి బండి జారితే నా ఒళ్లోనే పడాలి, ఇంకో అల్లుడు లేడు గనక. ఆ బండి మా తోడల్లుడి ఇంటికి అన్నం. నాకు ఆశ. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఎదురుపడినప్పుడు మరీ ఎక్కువగా నవ్వుకుంటాం.

అలాంటి బండిలో పాటలు దద్దరిల్లాలని మా తోడల్లుడికి కోరిక పుట్టింది. రెండు ఊఫర్ డబ్బాలు, ఓ ఆంప్లిఫయరు కొన్నాడు. బిగించడం వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మాట మామగారి చెవిన పడింది. నేను వేయలేదు, మా ఆవిడ వేసింది. ఆయన గోడకేసి చూస్తూ మా అత్తగారితో అన్నారట: "నా బండికి ఒక్క చిల్లి పడినా, ఒక్క తీగ మాడినా, తాళం చిన్నవాడికి పోతుందని చెప్పు."

ఆవిడ చెప్పింది. తోడల్లుడు విన్నాడు. విని మానేసే రకమైతే అసలు ఆ ఇంటి అల్లుడే కాడు. ఇంటిముందు బిగిస్తే ముసలాయన కళ్లు పడతాయని, బండిని చివరి షెడ్డుకి తోలాడు.

ఇక్కణ్ణుంచి తోడల్లుడు చెప్పిన సగం.

చీకటి పడ్డాక మొదలుపెట్టాడు. బానెట్ ఎత్తి, ముందుగా బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, గుడ్డ చుట్టి పక్కకి వంచాడు. అది తీయకుండా వైరింగులో చెయ్యి పెట్టకూడదు. లావు ఎర్ర తీగని కంపెనీవాడు వదిలిన రబ్బరు సందులోంచే క్యాబిన్లోకి లాగాడు. కొత్త చిల్లి ఒక్కటీ పెట్టలేదు. ఎర్త్ కోసం సీటు బోల్టు దగ్గర రంగు గీకి ఇనుము తేల్చాడు. ఒక డబ్బా సీటు పక్కన ఇరికింది. రెండోది ఎంత తోసినా ఇరకలేదు. దాన్ని వెనక తొట్టిలో పెట్టి, తీగ లాగి, రెండు డబ్బాల్నీ ఒకదానికొకటి కలిపేశాడు. ఆంప్లిఫయరు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఫ్యూజు తేలేదని. బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకపోతే రేపు తీగతోపాటు బండీ మాడుతుంది. బండితోపాటు సంసారం. క్యాబినుకి తాళం వేసి, సందు మొదట్లో ఉన్న షాపుకి నడిచాడు.

తిరిగొచ్చేసరికి అంతా అలాగే ఉంది. ఎత్తిన బానెట్, చుట్టిన గుడ్డ… తొట్టిలోకి ఎక్కి, ఫోను లైటు వేసుకుని, డబ్బా ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఫ్యూజు కవరు పళ్లతో చింపుతున్నాడు. చెయ్యి డబ్బా మీద లేదు. కాలూ లేదు.

ఊఫరు కదిలింది.

నల్లటి గిన్నెలా ఉంటుంది కదా దాని ముఖం — అది ఒక్కసారి లోపలికి పోయి, బయటికొచ్చింది. చప్పుడు లేదు. నిద్రలో ఎవరో ఊపిరి తీసినట్టు.

కవరు పళ్లమధ్యే ఉండిపోయింది. నా కళ్లే, అనుకున్నాడు. చూస్తూ కూర్చున్నాడు…

మళ్లీ కదిలింది.

దిగి, బానెట్ దగ్గరికి వెళ్లి చూశాడు. బ్యాటరీ తీగ గుడ్డలోనే ఉంది. ఆంప్లిఫయరు పెట్టెలోనే ఉంది. కరెంటు రావడానికి దారే లేదు. వెళ్లిపోదామంటే — బండి వదిలి వెళితే రేపు తాళం నాకు పోతుంది. నా మీదున్న ఆ ప్రేమే ఆయన్ని వెనక్కి తొట్టిలోకి ఎక్కించింది.

"అప్పుడేం చేశానో తెలుసా తమ్ముడూ," అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "వేలు పెట్టి నేనే నొక్కాను. రెండుసార్లు."

కాసేపు ఏమీ లేదు. రేకుల మీద ఏదో చిటుక్కుమంది. ఊరుకుంది.

ఊఫరు రెండుసార్లు కదిలింది.

అప్పుడు ఆయనకి వీడియోలో చూసిన ఓ తమాషా గుర్తొచ్చింది. రెండు ఊఫర్లు ఒకే తీగ మీద ఉంటే కరెంటుతో పనిలేదు. ఒకదాన్ని వేలితో నొక్కితే, ఆ కదలికకే పుట్టే పిసరంత కరెంటు రెండోదాన్ని కదిలిస్తుంది.

అంటే… అవతలి డబ్బా మీద ఒక వేలు ఉంది.

అవతలి డబ్బా తాళం వేసిన క్యాబిన్లో ఉంది.

ఫోను పైకెత్తి, క్యాబిను వెనక అద్దంలోంచి లోపలికి లైటు వేశాడు. అద్దానికి అవతల, జానెడు దూరంలో — తెల్లజుట్టు, తెరిచిన నోరు, రెప్పవేయని కళ్లు.

ఈయన అరిచాడు. అదీ అరిచింది.

అరుపు మాత్రం బాగా తెలిసిన గొంతు.

మామగారు. రెండో తాళం ఆయన దగ్గరే ఉంటుందని తోడల్లుడు మర్చిపోయాడు. బండిని వెతుక్కుంటూ వచ్చి, ఈయన షాపుకెళ్లిన అదనులో తోలుకుపోదామనుకున్నారు. ఆ మసక కళ్లకి ఎత్తిన బానెట్ ఆనలేదు. తాళం తిప్పితే బండి కుయ్యిమనలేదు. ఈలోగా అడుగుల చప్పుడు. లోపల్నుంచి తలుపేసుకుని సీటు మీద పడుకున్నారు.

ఆ రాత్రి ఇద్దరూ మా అత్తగారి సాయం లేకుండా మాట్లాడుకున్నారు.

"దొంగలా వచ్చారా మామయ్యగారూ?"

"నా బండికి నేను దొంగనా అల్లుడుగారూ? అది పాడైపోయేదాకా చూస్తూ ఊరుకోమంటావా?"

"ఒక్క చిల్లి చూపించండి."

"మా ఇంట్లోకి నువ్వు దూరిన చిల్లి చాలదూ."

మా తోడల్లుడు తాళం తీసి ఆయన కాళ్ల దగ్గర పడేశాడు. ఇక ఈ బండి ముట్టుకుంటే ఒట్టు అన్నాడు. బ్యాటరీ తీగ తగిలించి పొమ్మని ఆయన అడగలేదు, ఈయన తగిలించలేదు. ఒకరు సందుకి ఈ పక్కన, ఒకరు ఆ పక్కన నడిచి ఇళ్లకి పోయారు.

మర్నాడు తోడల్లుడి నోట ఇదంతా విని నేను నవ్వుకున్నాను. కడుపు నిండా నవ్వి, తలదువ్వుకుని, సాయంత్రానికి మామగారింటికి బయల్దేరాను. తలెందుకు దువ్వుకున్నానో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. పెద్దల్లుడొచ్చి బతిమాలుతాడని పగలంతా చూశారట. రాలేదు. నేను చనువు తీసుకుని అడిగాను: దాక్కున్నవారు దాక్కోక, ఆ డబ్బా ఎందుకు నొక్కారని.

"నేనెందుకు నొక్కుతాను?" అన్నారు విసుగ్గా. "ఊపిరి బిగబట్టి పడుకుని ఉన్నాను. చెంప పక్కన ఆ నల్లది కదిలింది. ఒకసారి… ఆగి, ఇంకోసారి. నన్ను చూసేశాడు, వెక్కిరిస్తున్నాడు అనుకున్నాను. అయినా ఓర్చుకున్నాను. తర్వాత రెండు కదిలాయి. అప్పుడు ఒళ్లు మండి, లేచి నేనూ రెండు నొక్కాను."

"అంతకుముందు…?"

"ముట్టుకోలేదు. మొదలుపెట్టింది వాడు."

ఆయన మొదలుపెట్టలేదు. ఈయనా మొదలుపెట్టలేదు. ఆ మొదటి రెండు కదలికల్నీ ఇద్దరూ చూశారు, ఎవరూ నొక్కలేదు. వాళ్లకి మాటల్లేవు గనక, ఎదుటివాడే అనుకుని ఇద్దరూ కోపంగా, సుఖంగా ఉన్నారు. రెండు సగాలూ కలిపి చూసిన తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే.

మామగారు లేచి, రెండు తాళాలూ నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

"తెల్లారకముందే సరుకెత్తాలి. ఇక బండి నీదే. వెళ్లి తెచ్చుకో."

అన్నయ్యకే ఇచ్చేయండి మామయ్యగారూ, అన్నాను. ఇన్నేళ్లలో మా తోడల్లుడి గురించి నేనన్న మొదటి మంచిమాట అది. ఆయన వినిపించుకోలేదు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. మన ఇంటికి బండి వస్తోందని మొహం వెలిగిపోతోంది. అన్నయ్యకి ఫోను చేశాను. ఆయన రానన్నాడు గానీ, ఏం చెయ్యాలో ఓపిగ్గా చెప్పాడు. బండి కదలాలంటే ముందు బ్యాటరీ దగ్గర వంగి, గుడ్డ విప్పి, ఆ మైనస్ తీగ తగిలించాలట. పెద్ద పనేం కాదట.

ఒక్కటే ఇబ్బంది. ఎత్తిన బానెట్ అడ్డం ఉంటుంది గనక, అంతసేపూ క్యాబిన్లో ఎవరున్నదీ కనపడదట.