ఆరో పువ్వు

"ఆరు," అన్నాడు టాగర్ట్. "మూడుసార్లు లెక్కపెట్టాను. ఆరే."

ఎమెట్ కాల్డర్ చేతిలోని టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. మాస్కోలో అమెరికన్ ఎంబసీ, తొమ్మిదో అంతస్తు. మాటలు బయటికి పోకుండా రేడియో గట్టిగా పెట్టారు. అందులో ఎవరో మహానుభావుడు బంగాళాదుంపల దిగుబడి గురించి ఊగిపోతున్నాడు. 1962 అక్టోబరు 27, శనివారం, ఉదయం పదకొండు గంటలు. క్యూబాలో రష్యా పెట్టిన అణు క్షిపణులు అమెరికా వైపు చూస్తున్నాయి. సముద్రం మీద అమెరికా ఓడలు అడ్డం నిలబడ్డాయి. ఎవరి వేలు ముందు మీట నొక్కుతుందోనని లోకమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

టాగర్ట్ ఎంబసీలోని గూఢచారులకు పెద్ద. కాల్డర్ అతని కింద మనిషి. పేరుకి వ్యవసాయ విభాగం సెక్రటరీయే గానీ, గోధుమనీ బార్లీనీ పక్కపక్కన పోస్తే బిక్కమొహం వేస్తాడు. అతని అసలు పంట లిదియా వెరెస్కోవా ఒక్కతే.

లిదియా సోవియట్ సైన్యం ప్రధాన కార్యాలయంలో అనువాదకురాలు. నక్కబొచ్చు కాలరు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్, గదిలోకి వస్తే మగవాళ్ళు మాట మధ్యలో ఆపేసేంత అందం. కాల్డర్ మీద వల వేయమని రష్యా సెక్యూరిటీ వాళ్ళే ఆమెను పంపారు. మొదటి సాయంత్రమే ఆమె ఆ సంగతి అతని చెవిలో చెప్పేసింది.

"ఈ వల మహా బరువుగా ఉంది, ఎమెట్ ఆర్తురోవిచ్. ఓ కొస మీరూ పట్టుకోండి."

తండ్రి పేరు ఆర్థర్ అని తెలిశాక అతన్ని అలా రష్యన్‌ని చేసి పిలిచేది. డబ్బు ముట్టుకోలేదు. ఇద్దరన్నలు యుద్ధంలో పోయారు, శవాలు కూడా రాలేదు. "యుద్ధం వచ్చేట్టుంటే చెబుతాను. రాకపోతే రాదనీ చెబుతాను. ఆ రెండోదే ముఖ్యం, మీవాళ్ళు కంగారు మనుషులు," అంది.

చెప్పే పద్ధతి కాల్డరే కనిపెట్టాడు. ప్రతి శనివారం ఆమె మూడో అంతస్తు కిటికీలో పూలు పెడుతుంది. ఐదుంటే అంతా సద్దుమణిగి ఉన్నట్టు. ఆరుంటే క్షిపణులు లేవబోతున్నట్టు. ఆరే ఎందుకంటే, రష్యాలో బతికున్నవాళ్ళ ఇంట్లో సరిసంఖ్యలో పూలు పెట్టరు. అది చచ్చిపోయినవాళ్ళకి. కాబట్టి ఆరు పొరపాటున రాదు. ఈ తెలివికి కాల్డర్ ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

"ఎవరైనా చస్తేనో?" అని నవ్వింది లిదియా ఆనాడు.

"క్షిపణులు లేస్తే అందరం చచ్చేవాళ్ళమేగా," అన్నాడు తనూ నవ్వుతూ. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి కాల్డర్ టాగర్ట్ వైపు తిరిగాడు.

"ఆ ఇంట్లో ఎవరో పోయారు, సార్. ముసలి తల్లి ఉంది. ఆవిడే అయ్యుంటుంది," అన్నాడు.

"ఆరు పొరపాటున రాదని రాసిచ్చిందెవరు? నీ చేతిరాతతోనే ఉంది నా దగ్గర."

"రాశాను. చావు సంగతి రాయలేదు. బుద్ధి గడ్డి తింది."

టాగర్ట్ చెడ్డవాడు కాదు. మూడు రాత్రులుగా నిద్రలేదు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "చూడు కాల్డర్. రెండుసార్లు చూడాలని రూలు. మూడింటికి నేనూ మా ఆవిడా కారులో ఆ సందులోంచి పోతాం. అప్పుడూ ఆరే ఉంటే కేబుల్ కొట్టేస్తాను. అది అందాక వాషింగ్టన్ ఆగదు. వీళ్ళకంటే ముందు మనవే లేస్తాయి."

"నేను వెళ్ళి కనుక్కుంటాను."

"నువ్వు తిరిగొచ్చి చెప్పేసరికి కేబుల్ పోతుంది. అనుమానాలు పట్టుకుని నేను ఆగలేను. వాషింగ్టన్‌కి ఇప్పుడు రష్యన్ మర్యాదల మీద పాఠం పంపమంటావా? ఐదు కనిపిస్తే పంపను. ఆరు కనిపిస్తే పంపుతాను. అంతే."

అంతే! కోట్ల ప్రాణాలు ఒక పువ్వు మీద నిలబడ్డాయి.

కాల్డర్ బూటు మడమలో ఒక ట్రాన్స్‌మిటర్ ఉంది. వాషింగ్టన్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది, మాస్కో బురదలో మొదటి వారమే చచ్చింది. దాన్ని నమ్ముకోకుండా దూది కుట్టిన పాత కోటు, చెవుల టోపీ తొడుక్కుని, వలసంచిలో ఉప్పుచేప వేసుకుని వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. చేప ఉపాయం లిదియాది. వెంటపడేవాళ్ళు ట్రాలీబస్సులో ఆ కంపుకి నాలుగడుగులు ఎడంగా నిలబడతారు, ఆ నాలుగడుగులు చాలు, అనేది. చాలాయి. మూడు బస్సులు మారి రెండూ నలభైకి ఆ సందులో దిగాడు.

మెట్లమీద ఫర్ చెట్టు కొమ్మలు చల్లి ఉన్నాయి, శవం వెళ్ళే దారిలో ఇక్కడ అలా చల్లుతారు. శవం లేచిన ఇల్లు. అమ్మయ్య అనుకున్నాడు కాల్డర్. అయ్యో పాపం అనాల్సిన చోట అమ్మయ్య అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. మనసులోనే ముసలావిడకి క్షమాపణ చెప్పుకుంటూ మూడో అంతస్తు ఎక్కాడు.

తలుపు తీసింది ఆ ముసలావిడే.

నల్లరుమాలు కట్టుకుని, చేతిలో అట్ల పళ్ళెంతో నిలబడి ఉంది.

"లోపలికి రా, నాయనా. మా లిదాతో పనిచేసేవాడివా?"

తల ఊపాడు.

అద్దానికి దుప్పటి కప్పారు. కిటికీ గట్టుమీద లిదియా ఫోటో, దాని ముందు వోడ్కా గ్లాసు, గ్లాసు మీద నల్లరొట్టె ముక్క. పక్కనే ఊరగాయ జాడీలో పూలు. ఆరు. తెల్ల చామంతులు.

"గురువారం ఆఫీసులో పడిపోయిందన్నారు. గుండె అన్నారు," అంది తల్లి అగ్రఫేనా. "దాని గుండెకేం రోగం? బంగాళాదుంపల బస్తా భుజానేసుకుని మూడంతస్తులూ పాడుకుంటూ ఎక్కేది. తెల్లారి పాతిపెట్టాం. ఇరవై మూడో ఏట ఒకడు, ఇరవయ్యో ఏట ఒకడు, ఇప్పుడిది. ఇక నన్ను పాతిపెట్టడానికి ఎవరూ లేరు."

ఆవిడ పోసిచ్చిన గ్లాసు ఎత్తి, చావింటి పద్ధతిలో ఎవరి గ్లాసుకీ తగిలించకుండా తాగాడు. గొంతు మండింది. అప్పుడు చూశాడు, మూలన కూర్చుని అట్లు తింటున్న బట్టతల మనిషిని. కెప్టెన్ జిమిన్. లిదియాను తన మీదికి పంపినవాడు.

"రండి రండి, గోధుమల సెక్రటరీగారూ," అన్నాడు జిమిన్ మెల్లగా. "చేప కూడా తెచ్చారే! మా ఇళ్ళలో పుట్టినవాడిలా వచ్చారు."

"ఆమె ఎలా పోయింది?"

"గుండె. చెప్పారుగా." జిమిన్ కళ్ళు దించుకున్నాడు. "నాకూ అంతే చెప్పారు."

అది నిజమో కాదో కనుక్కునే టైము లేదు. గోడగడియారం మూడుకి రెండు నిమిషాలు తక్కువ. కాల్డర్ కిటికీ దగ్గరికి నడిచి, జాడీలోంచి ఒక చామంతి లాగి కోటులో పెట్టుకున్నాడు.

"ఏయ్, ఏంటది?" అగ్రఫేనా పళ్ళెం వదిలేసి వచ్చింది. "పెట్టు! వెనక్కి పెట్టు! చచ్చిపోయిన పిల్లకి ఐదు ఉంచుతావా? అది బతికున్నవాళ్ళకిరా! నీకు తల్లి లేదా, ఇంత కూడా నేర్పలేదా?"

గదిలో అందరూ లేచారు. ఎవరో ఛీ అన్నారు. ఆవిడ అతని కోటు పట్టుకు లాగుతోంది. ఆ ముసలిచేతుల్లో ఎంత బలమో! పువ్వు తొడిమ అప్పుడే ఆవిడ వేళ్ళకి అందింది. సందు మలుపులో ఎంబసీ కారు ముక్కు కనిపించింది.

కాల్డర్ ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. చెప్పగలిగిన అబద్ధాలన్నీ మరిచిపోయాడు.

"తెలుసమ్మా. ఐదు బతికున్నవాళ్ళకని తెలుసు. ఒక్క నిమిషం అమ్మా. ఒక్క నిమిషం దాన్ని బతికుండనివ్వు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఆ నీలికళ్ళు నిండి కారిపోతున్నాయి. కోటు వదిలేసింది.

కారు ఆ ఇంటి కిటికీ కిందికి వచ్చి నెమ్మదించింది. లోపల శ్రీమతి టాగర్ట్ ఆకుపచ్చ టోపీ, ఆ పక్కన పైకెత్తిన ఒక పాలిపోయిన మొహం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. కారు సాగిపోయింది.

కాల్డర్ కోటులోంచి చామంతి తీసి, నలిగిన రేకులు సరిచేసి, జాడీలో తన చేత్తోనే పెట్టాడు. ఆరు. లిదియా మళ్ళీ చచ్చిపోయింది. అప్పుడు గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ముసలావిడ అతని వీపు నిమురుతూ, "నిన్ను గురించే కాబోలు ఈ మధ్య తెగ నవ్వుకునేది," అంది.

జిమిన్ మూతి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. అతని ఫైలు ప్రకారం ఇది వలలో పడ్డ మగవాడు దొంగచాటుగా వచ్చి ఏడవడం, అంతే. "నలభై ఎనిమిది గంటల్లో దేశం వదిలి వెళ్ళాలి, సెక్రటరీగారూ. ఈ ఒక్క పువ్వు సంగతీ నేను రాయను," అన్నాడు.

మర్నాడు ఆదివారం సాయంత్రం ఐదింటికి రేడియో ఆ వార్త చదివింది. క్యూబాలో క్షిపణులు విప్పేసి ఇంటికి తెచ్చుకుంటారట, అమెరికా ఆ దీవి మీదికి పోనని మాటిచ్చిందట. ఎంబసీ ఎదుట పాల క్యూలో ఒకావిడ, "అయితే రేపైనా పాలు తిన్నగా వస్తాయా?" అని అడిగింది.

పెట్టె సర్దుకుంటున్న కాల్డర్ ముందు టాగర్ట్ ఒక కాగితం పెట్టాడు. లిదియా వెరెస్కోవా తాజా సంకేతం, శనివారం మధ్యాహ్నం మూడు గంటలు: ఐదు పూలు, యుద్ధం రాదు.

"ఆమె గురువారమే పోయింది, సార్."

"నేను చూసింది శనివారం. ఐదే ఉన్నాయి. ఎందుకున్నాయో నేనడగలేదు, నువ్వు చెప్పకు."

కాల్డర్ మిగతాది చదివాడు. రాకపోతే రాదనీ చెబుతానంది, చెప్పింది. కింద ఎప్పటిలాగే టైపు కొట్టి ఉంది: ఈమె మాట పూర్తిగా నమ్మదగినది, ఈమెతో పరిచయం కొనసాగించవలెను.

కాల్డర్ పెన్ను తీసి దాని కింద సంతకం పెట్టాడు.