నాంచారి చేతి కారం

పల్చటి పట్టీ నాలుకకు అతుక్కోగానే కోటిలింగం కళ్లు మూసుకున్నాడు. ముందు గోంగూర పులుపు తగిలింది, వెనకే వెల్లుల్లి, ఆ తర్వాత పండుమిరప కారం, ఎంతుండాలో అంత. జైలు భోజనశాలలో అతను నములుతున్నది ఉత్త అన్నమే. రుచి మాత్రం ఎక్కడో పల్నాడులో, భార్య నాంచారి నోట్లో పుడుతోంది.

"రేపు విడుదల. ఇదే ఆఖరి పూట. ఎలా ఉంది?" అని అడిగింది డాక్టర్ హైమవతి. ఆ పట్టీని కనిపెట్టింది ఆవిడే.

"పెళ్లయిన కొత్తలో ఎలా ఉండేదో అలాగే ఉందమ్మా. పదకొండేళ్లలో పిసరంత తేడా రాలేదు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. పట్టీలు జంటగా పనిచేస్తాయి. ఇంట్లో మనిషి నాలుక మీది సెన్సర్లు పసిగట్టిన రుచిని, ఖైదీ నాలుక మీది పట్టీ సన్నటి విద్యుత్ తరంగాలుగా నరాలకు అందిస్తుంది. ఇద్దరూ ఒకే వేళకు ముద్దెత్తాలి, అంతే. ములాఖత్ నెలకోసారే అయినా కలిసి భోంచేయడం రోజూ ఉంటుంది.

కాలువ నీళ్ల తగాదాలో కోటిలింగం కర్ర దెబ్బకు ఒక మనిషి పోయాడు. శిక్ష న్యాయమేనని అతనే ఒప్పుకుంటాడు. భయమల్లా ఒకటే, తిరిగెళ్లేసరికి సొంతింట్లో చుట్టమైపోతానేమోనని. అతను జైలుకొచ్చేనాటికి కూతురు ప్రసూన ఇంకా పాకుతోంది. ఈ పట్టీ ఉండబట్టే గుండె చిక్కబట్టుకున్నాడు. "మా ఇంటి కారం తినాలంటే పెట్టి పుట్టాలిరా" అని బ్యారక్‌లో కోతలు కూడా కోసేవాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. తన యంత్రం గొప్పతనం కళ్లారా చూడాలని హైమవతీ వచ్చింది. నాంచారి వేడన్నంలో గోంగూర పచ్చడి వేసి, నూనె వంచింది. కోటిలింగం పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

చెవుల్లోంచి పొగలొచ్చినంత పనైంది. వెక్కిళ్లు పట్టుకున్నాయి, ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి. పక్కనే తల్లీకూతుళ్లు అదే పచ్చడి నింపాదిగా తింటున్నారు.

"కారమా నాన్నా?" ప్రసూన నీళ్ల గ్లాసు అందించింది. "రోజూ తినేదేగా."

హైమవతి కారం కొలిచే మీటరు పచ్చడిలో ముంచి చూసి తెల్లబోయింది. "కారం రుచి కాదండీ, నొప్పి. ఖైదీకి ఏ యంత్రమూ నొప్పి కలిగించకూడదని చట్టం. అందుకే పట్టీలో దాన్ని నాలుగో వంతుకు కోసేశాం. మరి మీకు సరిపోయిందన్నారే?"

నాంచారి మొగుడి వంకే చూస్తూ చెప్పింది. "మొదటి ములాఖత్‌లో అడిగావు గుర్తుందా, కూర చప్పగా ఉంటోంది, కారానికి కూడా గతిలేకుండా ఉన్నారా అని. నా ప్రాణం చివుక్కుమంది. సరిపోయిందని నువ్వు అనేదాకా పెంచుకుంటా పోయా. కొన్నాళ్లు నోరు పొక్కింది. తర్వాత అదే అలవాటైంది."

"పిల్లకెందుకు పెట్టావే?"

"నాన్న తినేదే కావాలని నేనే మారాం చేశానంట" అంది ప్రసూన.

జైలుకెళ్లిన మొగుళ్ల మీద కారాలూ మిరియాలూ నూరే పెళ్లాలుంటారు. నాంచారి మొగుడి కోసం నూరింది. పదకొండేళ్లు రెండు పూటలా ఆ మంట తానే మింగి, అతని వంతు అతనికి పంపింది. కోటిలింగానికి ఆ క్షణాన ఎంత గర్వం కలిగిందంటే, పెళ్లినాడు కూడా అంత కలగలేదు. పాపం, తన పరిశోధనలో ఏ అంకె మిగులుతుందో తెలియక హైమవతి పచ్చడి గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది.

"రేపట్నుంచి నీకు వేరుగా చేస్తాలే" అంది నాంచారి.

ఆ మాట అతనికి కారం కన్నా ఎక్కువ మండింది. "వేరుగా చేసేది చుట్టాలకి. నువ్విన్నేళ్లు తిన్నది నేను తినలేనా? ఇంకో ముద్ద కలుపు."

ప్రసూన తండ్రి దగ్గరకు జరిగి, అతని కంచంలో అన్నం చిన్న చిన్న ముద్దలుగా చేసింది. ఒక్కో ముద్ద మీద కాస్త పెరుగు అద్దింది.

"ఇట్లా మొదలుపెట్టు నాన్నా. చిన్నప్పుడు అమ్మ నాకు ఇట్లాగే నేర్పింది. నోరు తెరువు."